ఒక ‘పట్టిన’, నాలుగు లంకెలు: ఇంగ్లీషు ఉపవాక్య బోధన - తెలుగు అసమాపక క్రియ

వ్యాససంగ్రహం:
బికాజ్, ఆల్దో, ఇఫ్, హూ, విచ్ వంటి ఇంగ్లీషు అనుసంధాన పదాలను పదానికి పదం అర్థం చెప్పి నేర్పే పద్ధతి మన కళాశాలల్లో స్థిరపడింది. ఇంగ్లీషులో ఈ పదాలు చేసే పనిని తెలుగులో ప్రధానంగా అసమాపక క్రియల ప్రత్యయాలు చేస్తాయి. అందువల్ల ఆ పద్ధతి తెలుగు విద్యార్థికి అసలు చిక్కు ఎక్కడుందో చూపించలేకపోతున్నది. పైగా, సంక్లిష్ట వాక్యం అన్న ఒకే పేరుతో తెలుగు, ఇంగ్లీషు తరగతులు రెండు భిన్న నిర్మాణాలను బోధిస్తున్నాయి. ఈ వైరుధ్యాన్ని, దాని పర్యవసానాలను ఈ వ్యాసం విమర్శనాత్మకంగా పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ఉపవాక్యం, అనుసంధాన పదం, అసమాపక క్రియ, క్త్వార్థకం, ధాతుజ విశేషణం, సంక్లిష్ట వాక్యం, ద్విభాషా బోధన.

1. ప్రవేశిక

ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 విద్యాసంవత్సరం నుంచి డిగ్రీ కోర్సులన్నీ ఇంగ్లీషు మాధ్యమంలోకి మారాయి. పెంటపాడు మండల గ్రామాల నుంచి తాడేపల్లిగూడేనికి, కొల్లేటి లంకల నుంచి ఏలూరుకు చదువుకోసం వచ్చే విద్యార్థుల్లో చాలామంది పదో తరగతి వరకో, ఇంటర్మీడియట్ వరకో తెలుగులో చదివినవారే. చరిత్ర, వృక్షశాస్త్రం, వాణిజ్యశాస్త్రం ఏదైనా సరే, వారిప్పుడు పరీక్షలో ఇంగ్లీషు వాక్యాల్లోనే సమాధానం రాయాలి. విషయం తెలిసినా వాక్యం కుదరక మార్కులు కోల్పోవడం వీరికి నిత్యానుభవం.

ఈ వాక్యం కుదరకపోవడాన్ని సాధారణంగా ‘గ్రామర్ రాదు’ అనే ఒక్క మాటతో తేల్చివేస్తారు. నిజానికి వారి జవాబుల్లో కాలం, వచనం, క్రియారూపం చాలావరకు సరిగానే ఉంటాయి. లోపించేది రెండు విషయాలను ఒక వాక్యంలో కలిపే నేర్పు. కారణాన్ని కార్యంతో, షరతును ఫలితంతో, ఒక వస్తువును దాని వివరణతో ముడివేయలేకపోవడం వల్ల జవాబు విడివిడి వాక్యాల పోగుగా మిగులుతుంది. డిగ్రీ స్థాయి జవాబుకు కావలసింది ఆ ముడి. దానికోసం కళాశాలల్లో అనుసంధాన పదాల పట్టిక ఒకటి ఇస్తారు. బికాజ్ అంటే ఎందుకంటే, ఆల్దో అంటే అయినప్పటికీ, ఇఫ్ అంటే ఒకవేళ, విచ్ అంటే ఏదైతే. విద్యార్థి ఆ పట్టికను కంఠస్థం చేస్తాడు. వాక్యం మాత్రం కుదరదు. పట్టికలోని అర్థాలు తప్పు కావు. కానీ వాక్యం కుదరకపోవడానికి కారణం పదాల అర్థం తెలియకపోవడం కాదు. ఈ వ్యాసంలోని ఉదాహరణ వాక్యాలను తరగతి గదిలో తరచు కనిపించే తీరును అనుసరించి వ్యాసకర్త కూర్చడం జరిగింది.

2. ఒకే పేరు, రెండు నిర్వచనాలు

తెలుగు తరగతిలో విద్యార్థి నేర్చుకునే నిర్వచనం ఇది: ఒక సమాపక క్రియ, ఒకటి లేదా అంతకంటే ఎక్కువ అసమాపక క్రియలు గల వాక్యం సంక్లిష్ట వాక్యం. ‘రైతు పని ముగించుకొని ఇంటికి వెళ్లాడు’ అన్నది సంక్లిష్ట వాక్యం. ‘ముగించుకొని’ అన్న క్త్వార్థక రూపం దాన్ని సంక్లిష్టం చేసింది.

అదే బడిలో తర్వాతి పీరియడ్ ఇంగ్లీషు. అక్కడ కాంప్లెక్స్ సెంటెన్స్ అంటే ఒక ప్రధాన వాక్యం, దానిపై ఆధారపడిన ఉపవాక్యం. ఆ ఉపవాక్యానికి తనదైన కర్త, కాలాన్ని తెలిపే తనదైన సమాపక క్రియ ఉండాలి. పై తెలుగు వాక్యాన్నే ‘హావింగ్ ఫినిష్డ్ హిజ్ వర్క్, ద ఫార్మర్ వెంట్ హోమ్’ అని రాస్తే, రెన్ అండ్ మార్టిన్ సంప్రదాయంలో అది సింపుల్ సెంటెన్స్. అంటే సామాన్య వాక్యం. ‘ఆఫ్టర్ హి హాడ్ ఫినిష్డ్’ అని రాసినప్పుడే అది కాంప్లెక్స్ అవుతుంది.

ఒకే భావం, ఒకే రకమైన నిర్మాణం. పది గంటలకు సంక్లిష్టం, పదకొండు గంటలకు సామాన్యం. ఇద్దరు ఉపాధ్యాయులూ తమ తమ వ్యాకరణాల ప్రకారం చెప్పింది సరైనదే. ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోకపోవడమే సమస్య. తెలుగులో ఉపవాక్యపు క్రియ సాధారణంగా తన సమాపకత్వాన్ని వదులుకుంటేనే అతుకు పడుతుంది. ఇంగ్లీషులో సమాపకత్వాన్ని నిలుపుకొని, ముందు ఒక పదాన్ని తగిలించుకుంటుంది. ఇది చిన్న తేడా కాదు. సంక్లిష్ట వాక్యమంటే ‘ఒకే సమాపక క్రియ’ అని స్థిరపడిన మనసుకు ఇంగ్లీషు ఉపవాక్యంలో మరో సమాపక క్రియను, అదీ మళ్లీ కర్తతో సహా నిలపాలన్న సంగతి ఎవరూ విప్పి చెప్పడం లేదు.

స్పానిష్ మాతృభాషగా గల విద్యార్థి స్థితి వేరు. అతని భాషలో బికాజ్‌కు ‘పోర్కె’, ఆల్దోకు ‘ఔంకె’, ఇఫ్‌కు ‘సి’ ఉన్నాయి. అవి ఉపవాక్యానికి ముందే వస్తాయి. వాటి తర్వాత కర్తకూ కాలానికీ లొంగిన పూర్తి క్రియే వస్తుంది. అతనికి చిక్కులు లేవని కాదు. సబ్‌జంక్టివ్ రూపాలు అతన్ని వేధిస్తాయి. హూ, విచ్, దట్ మూడింటికీ తన భాషలో ‘కె’ ఒక్కటే సరిపోవడం వల్ల తడబడతాడు. అయినా వాక్యపు చట్రం అతనికి ముందే తెలుసు. పదాల పట్టిక అతనికి నిజంగానే ఉపకరిస్తుంది. అదే పట్టికను పెంటపాడులో నల్లబల్ల మీద రాసినప్పుడు అది ఉపకరించకపోవడానికి విద్యార్థి మందబుద్ధి కారణం కాదు.

మన వ్యాకర్తలు ఇటువంటి సమస్యను ఎలా ఎదుర్కొన్నారో గమనించదగినది. క్త్వార్థకం, శత్రర్థకం, తుమర్థకం, చేదర్థకం, అప్యర్థకం అన్న పేర్లన్నీ సంస్కృతాన్ని ఆధారం చేసుకొన్నవే. వీటిలో క్త్వా, శతృ, తుమున్ సంస్కృతంలోనూ ప్రత్యయాలు. కానీ ‘చేత్’, ‘అపి’ అవ్యయాలు, అంటే విడి పదాలు. తెలుగులో ‘వస్తే’లోని -తే, ‘వచ్చినా’లోని -ఇనా విడి పదాలు కావు. అయినా వ్యాకర్తలు తెలుగులో చేత్ వంటి పదం కోసం వెదకలేదు. ఆ పదం అర్థాన్ని ఇచ్చే క్రియారూపాన్ని గుర్తించి దానికి ‘చేదర్థకం’ అని పేరు పెట్టారు. ‘అర్థకం’ అన్న మాటలోనే వారి పద్ధతి ఉంది. పదానికి పదాన్ని కాక, పదానికి రూపాన్ని సరిపోల్చారు. ఈ పద్ధతిని ఇంగ్లీషుకు వర్తింపజేస్తే -తే ‘ఇఫ్-అర్థకం’, -ఇనా ‘ఆల్దో-అర్థకం’ అవుతాయి. వినడానికి వింతగా ఉన్నా, ‘ఆల్దో అంటే అయినప్పటికీ’ అని చెప్పడం కంటే ఇది విద్యార్థికి ఎక్కువ మేలు చేస్తుంది.

3. ‘చేపలు పట్టిన’

సంబంధ ఉపవాక్యాల వద్ద ఈ వ్యత్యాసం అత్యంత స్పష్టంగా కనిపిస్తుంది. ద్రావిడ భాషల్లో సంబంధ సర్వనామాల పనిని క్రియాజన్య విశేషణాలు చేస్తాయన్న విషయాన్ని కాల్డ్వెల్ 1856 నాటి తులనాత్మక వ్యాకరణంలోనే చర్చించాడు. మన వ్యాకరణాల్లోని ధాతుజ విశేషణం అదే. చేకూరి రామారావు ‘తెలుగు వాక్యం’ (1975), భద్రిరాజు కృష్ణమూర్తి, జె.పి.ఎల్. గ్విన్‌ల ఆధునిక తెలుగు వ్యాకరణం (1985) వెలువడిన తరువాత తెలుగు వాక్య నిర్మాణం గురించి తెలియని రహస్యమంటూ పెద్దగా లేదు. కానీ ఆ జ్ఞానం తెలుగు శాఖ, భాషాశాస్త్ర శాఖల గ్రంథాలయాలు దాటి ఇంగ్లీషు తరగతికి చేరలేదు.

కొల్లేటి ప్రాంతపు విద్యార్థికి చిరపరిచితమైన మాటలనే తీసుకుందాం:

చేపలు పట్టిన జాలరి
చేపలు పట్టిన వల
చేపలు పట్టిన చెరువు
చేపలు పట్టిన రోజు

నాలుగింటిలోనూ ‘పట్టిన’ ఒక్కటే. రూపంలో అణుమాత్రం తేడా లేదు. ఇంగ్లీషులోకి మార్చబోతే జాలరికి ‘హూ’, వలకు ‘విత్ విచ్’, చెరువుకు ‘వేర్’ లేదా ‘ఇన్ విచ్’, రోజుకు ‘వెన్’ లేదా ‘ఆన్ విచ్’ కావాలి. జాలరి కర్త, వల సాధనం, చెరువు స్థలం, రోజు కాలం అన్న సంగతి తెలుగు వాక్యంలో ఎక్కడా గుర్తించబడలేదు. వల చేపలు పట్టదనీ, చెరువు పట్టదనీ మనకు తెలుసు కనుక అర్థమవుతోంది. ఇక్కడ తెలుగు లోకజ్ఞానానికి వదిలేసిన పనిని ఇంగ్లీషు వ్యాకరణానికి అప్పగించింది.

దీనికి కారణం స్పష్టం. ‘వలతో చేపలు పట్టారు’ అన్న వాక్యంలో ‘వల’ను విశేష్యంగా చివరికి తెచ్చినప్పుడు -తో విభక్తి లోపిస్తుంది. ‘చెరువులో’ అన్నప్పటి -లో కూడా అంతే. తెలుగు విద్యార్థి ఇంగ్లీషులో ‘ద నెట్ విచ్ దే కాట్ ద ఫిష్’ అని రాస్తాడు. ఇందులో ‘విచ్’ సరిగానే ఉంది. లేనిది ‘విత్’. తెలుగులో -తో లోపించినచోటే ఇంగ్లీషులో ‘విత్’ లోపించింది. స్పానిష్‌లో ఇదే మాటను చెప్పాలంటే ‘కోన్ లా కె’ అనాలి. ‘తో’ అర్థమిచ్చే ‘కోన్’ చెక్కుచెదరదు. కనుక ఆ విద్యార్థికి ఈ పొరపాటు జరిగే అవకాశం తక్కువ. ‘విచ్ అంటే ఏదైతే’ అని వందసార్లు చెప్పినా మన విద్యార్థి తప్పు దిద్దుకోలేడు. లోపించిన విభక్తిని మొదట తెలుగులో తిరిగి నిలబెట్టి చూపాలి. ‘ఏ వలతో?’ అని ప్రశ్నిస్తే చాలు, -తో బయటికి వస్తుంది. ఆ వెంటనే ‘విత్’ కూడా.

క్త్వార్థకం విషయంలోనూ ఇదే జరుగుతుంది. ‘-ఇ అంటే హావింగ్’ అన్న సూత్రం కొన్ని తరగతుల్లో ప్రచారంలో ఉంది. ‘తాళం వేసి వెళ్లాడు’ వద్ద అది పనిచేస్తుంది. ‘నడిచి వచ్చాడు’లో నడవడం రావడానికి ముందు జరిగిన పని కాదు, వచ్చిన తీరు. ‘వాన కురిసి వరి పడిపోయింది’లో కర్తలే వేరు, -ఇ ఇక్కడ కారణాన్ని సూచిస్తోంది. సూత్రాన్ని నమ్మిన విద్యార్థి ‘హావింగ్ రెయిన్డ్, ద పాడీ ఫెల్’ అని రాస్తే వరే కురిసినట్లవుతుంది. ఇక్కడ ‘బికాజ్ ఇట్ రెయిన్డ్’ కావాలి. ఒక ప్రత్యయానికి ఒక ఇంగ్లీషు పదం అన్న సమీకరణం ఏ వైపు నుంచి మొదలుపెట్టినా నిలవదు.

4. లంకె పడే చోటు

‘ఆల్దో ఇట్ రెయిన్డ్, బట్ ద కెనాల్ వాజ్ డ్రై’ వంటి వాక్యాలు జవాబు పత్రాల్లో విరివిగా కనిపిస్తాయి. ఆల్దో ఉన్నచోట బట్ రాకూడదని ఏటా చెబుతారు, ఏటా వస్తుంది. దీనికి వ్యాసకర్త ప్రతిపాదించే వివరణ ఇది. ‘వాన కురిసినా కాలవలో నీరు లేదు’ అన్నప్పుడు వైరుధ్యాన్ని తెలిపే -ఇనా రెండు భాగాల మధ్య, సరిగ్గా అతుకు వద్ద ఉంది. ఇంగ్లీషు ఆ గుర్తును వాక్యారంభానికి తీసుకుపోయి, అతుకు వద్ద ఒక కామాను మాత్రం మిగిల్చింది. లంకె అతుకు వద్దే ఉండాలని అలవాటుపడిన విద్యార్థికి ఆ స్థలం ఖాళీగా కనిపిస్తుంది. అక్కడ బట్ పెట్టి పూరిస్తాడు. బికాజ్‌తో మొదలుపెట్టిన వాక్యం నడుమ ‘సో’ రావడం కూడా ఇటువంటిదే. ‘కాబట్టి’ ఉండవలసిన స్థానం అది. చైనీయ విద్యార్థులూ ఆల్దోతో బట్‌ను జతచేస్తారు. అయితే వారి భాషలో ఆ రెండు అర్థాల పదాలు జంటగా వాడే సంప్రదాయమే ఉంది. తప్పు ఒకటైనా మూలం ఒకటి కాదు.

‘హి డిడ్ నాట్ కమ్. బికాజ్ హి హాడ్ ఫీవర్.’ అని బికాజ్‌ను విడి వాక్యంగా రాయడం పట్టిక నేరుగా చేసిన హాని. ‘ఎందుకంటే’ స్వరూపతః ‘ఎందుకు అంటే’ అన్న ప్రశ్న, షరతుల కలయిక. దాని తర్వాత తెలుగులో పూర్తి స్వతంత్ర వాక్యం వస్తుంది. బికాజ్‌కు అదే సమానార్థకమని చెప్పాక విద్యార్థి దాన్ని అలాగే వాడతాడు.

అయితే ప్రతి తప్పునూ మాతృభాష నెత్తిన రుద్దడం సరికాదు. ‘ఐ డోంట్ నో వేర్ ఈజ్ హి’ అన్నది అందుకు నిదర్శనం. ‘అతనెక్కడ ఉన్నాడో తెలియదు’ అన్న తెలుగు వాక్యంలో కర్త, క్రియల స్థానం మారదు. మారాలని నేర్పింది ఇంగ్లీషు తరగతే. ప్రశ్న అనగానే క్రియను ముందుకు జరపాలన్న అభ్యాసం ఉపవాక్యంలోకి కూడా చొరబడింది. ఇక్కడ తెలుగు పద్ధతిని గుర్తుచేస్తే తప్పు దానంతట అదే సర్దుకుంటుంది. మాతృభాష అడ్డు కాక ఆసరా అయ్యే సందర్భాలు మన బోధనాశాస్త్ర చర్చల్లో తగినంతగా రాలేదు.

5. తప్పులు లేని జవాబు పత్రం

తప్పులను లెక్కించి విద్యార్థి స్థాయిని నిర్ణయించే పద్ధతికి ఒక పరిమితి ఉంది. జాక్విలిన్ షాక్టర్ 1974లో ప్రచురించిన ప్రసిద్ధ పరిశోధనలో పారసీక, అరబిక్, చైనీయ, జపనీయ విద్యార్థులు ఇంగ్లీషులో రాసిన సంబంధ ఉపవాక్యాలను పోల్చింది. చైనీయ, జపనీయ విద్యార్థులు చేసిన తప్పులు తక్కువ. కారణం వారు ఆ నిర్మాణాన్ని బాగా నేర్చుకోవడం కాదు. దాన్ని వాడడమే తక్కువ. వారి భాషల్లో, తెలుగులో వలెనే, వివరణ విశేష్యానికి ముందు వస్తుంది. ఇంగ్లీషులో తర్వాత వస్తుంది. చిక్కు అనిపించిన చోటికి వారు వెళ్లలేదు.

తెలుగు విద్యార్థి పత్రాన్ని ఈ దృష్టితో చదవాలి. ‘కొల్లేరు ఈజ్ ఎ లేక్. బుడమేరు అండ్ తమ్మిలేరు జాయిన్ ఇట్. ఉప్పుటేరు గోస్ టు ద సీ.’ మూడు వాక్యాల్లోనూ వ్యాకరణ దోషం లేదు. దిద్దేవారు ఎర్రసిరా వాడవలసిన పని లేదు. కానీ బుడమేరు, తమ్మిలేరు నీటిని అందుకునే ఈ సరస్సుకు ఉప్పుటేరే సముద్రానికి దారి కనుక, ఆ దారి మూసుకుపోతే ముంపు తప్పదన్న వాదాన్ని ఈ మూడు వాక్యాల్లో చెప్పడం అసాధ్యం. ఆ విద్యార్థికి ఈ వాదం తెలుసు. తెలుగులో అడిగితే ఒక్క గుక్కలో చెబుతాడు. అతని జవాబుకు తప్పులు లేనందున ఎక్కువ మార్కులు రావు, లోతు లేనందున తక్కువ వస్తాయి. లోతు లేకపోవడానికి కారణం మాత్రం ఎవరి దృష్టికీ రాదు. ఉపవాక్యాన్ని సాహసించి తప్పు రాసిన విద్యార్థి కంటే దాన్ని తప్పించుకున్న విద్యార్థికే ఎక్కువ సహాయం అవసరమని వ్యాసకర్త అభిప్రాయం.

6. తిరుగు ప్రభావం

పదాల పట్టిక ఇంగ్లీషును నేర్పలేకపోయినా తెలుగును మార్చడంలో మాత్రం సఫలమైంది. ‘ఏదైతే ప్రభుత్వం ప్రకటించిందో ఆ పథకం’ అన్న ధోరణి టెలివిజన్ చర్చల్లో, ఉపన్యాసాల్లో, విచారకరంగా పరిశోధన వ్యాసాల్లో కూడా పెరిగింది. ‘ప్రభుత్వం ప్రకటించిన పథకం’ అంటే సరిపోయేది. ‘ఎవరు-వారు’, ‘ఎంత-అంత’ వంటి యత్తదర్థక నిర్మాణాలు తెలుగుకు కొత్తవి కావు, దోషాలూ కావు. కానీ అవి వాడే సందర్భం వేరు. ప్రతి ధాతుజ విశేషణాన్నీ విడగొట్టి ‘ఏదైతే’గా మార్చడం వేరు. ‘దున్నేవాడిదే భూమి’ అన్న నినాదాన్ని ‘ఎవరైతే భూమిని దున్నుతారో వారికే ఆ భూమి చెందాలి’ అని మార్చి చూస్తే, అది ఏ ఊరేగింపులోనూ పలకదు.

‘మరియు’ కథ కూడా ఇటువంటిదే. ఆ మాట పరాయిది కాదు. ప్రాచీన కావ్యాల వచనాల్లో ‘ఇంకా, అంతేకాక’ అన్న అర్థంలో కొత్త వాక్యాన్ని అందుకోవడానికి వాడేవారు. రెండు నామవాచకాల నడుమ ‘అండ్’కు బదులుగా కూర్చోబెట్టడం ఆధునికుల పని. అన్నా చెల్లెలూ అని దీర్ఘంతో చెప్పగలిగిన భాషకు ఆ అవసరం లేదు.

రాష్ట్రంలో 2020-21 నుంచి ప్రాథమిక తరగతులకు ఒక పుటలో ఇంగ్లీషు, ఎదుటి పుటలో తెలుగు ఉండే ద్విభాషా పాఠ్యపుస్తకాలు వచ్చాయి. ఆలోచన మంచిది. రెండు భాషల వాక్యాలను పక్కపక్కన చూసే అవకాశం పూర్వ తరాలకు లేదు. అయితే వాక్యానికి వాక్యం సరిపోవాలన్న పట్టుదలతో తెలుగు పుటను ఇంగ్లీషు పుట నీడగా రాస్తే ఈ అవకాశం వృథా అవుతుంది. ఇంగ్లీషు పుటలో ‘విచ్’ ఉన్నచోట తెలుగు పుటలో సహజమైన ‘పట్టిన’ కనిపించాలి. అప్పుడే బిడ్డకు రెండు భాషల పద్ధతులూ తెలుస్తాయి.

7. ఎక్కడ మొదలుపెట్టాలి?

తెలుగులో ఉపవాక్యం సమాపక క్రియను నిలుపుకొనే చోట్లు కొన్ని ఉన్నాయి. ‘రేపు వస్తాడని చెప్పాడు’లో ‘అని’కి ముందు ‘వస్తాడు’ సమాపకమే. ‘ఎక్కడ ఉన్నాడో తెలియదు’లో -ఓకు ముందు ‘ఉన్నాడు’ సమాపకమే. ‘వాన కురిసింది కాబట్టి వరి పడిపోయింది’లో ‘కురిసింది’ కూడా అంతే. ఇంగ్లీషు ఉపవాక్యానికి దగ్గరి బంధువులు ఇవి. బోధన వీటితో మొదలుకావాలి. అని నుంచి దట్‌కు, -ఓ నుంచి వేర్, వాట్‌లకు, కాబట్టి నుంచి బికాజ్‌కు వెళ్లేటప్పుడు విద్యార్థి క్రియారూపాన్ని మార్చనక్కర లేదు. లంకెను వెనుక నుంచి ముందుకు జరపడం ఒక్కటే నేర్చుకోవాలి. అది స్థిరపడ్డాక -తే, -ఇనా రూపాలకు వెళ్లవచ్చు. అక్కడ అసమాపకాన్ని సమాపకంగా మార్చడమనే రెండో మెట్టు వస్తుంది. విభక్తిని తిరిగి తేవలసిన ధాతుజ విశేషణం చివరి మెట్టు. క్త్వార్థకానికి ప్రత్యేకంగా కొంత సమయం కేటాయించక తప్పదు. ఈ క్రమాన్ని ఇంగ్లీషు అధ్యాపకులు ఒంటరిగా రూపొందించలేరు. అసమాపక క్రియల పాఠం చెప్పే తెలుగు అధ్యాపకులు ఆ పీరియడ్‌లో పాలుపంచుకోవాలి. మాధ్యమం మారిన కళాశాలలో తెలుగు శాఖకు మిగిలిన పనేమిటని అడిగేవారికి ఇది ఒక సమాధానం.

మొదటి మెట్టులో కూడా ఒక గండి ఉంది. ‘అని’ అవతలివాడి మాటను యథాతథంగా మోసుకొస్తుంది. ‘నేను రానని రాము చెప్పాడు’ అంటే రానివాడు రామే కావచ్చు. ఇంగ్లీషులో ‘రాము సెడ్ దట్ ఐ విల్ నాట్ కమ్’ అని రాస్తే రానివాడు రాసినవాడవుతాడు. మొదటి వారంలోనే ఈ ఒక్క వాక్యాన్ని నల్లబల్ల మీద రాసి, రానివాడెవరని తరగతిని అడగవలసి ఉంటుంది.